విచారణ కార్యక్రమాలకు గూగుల్ క్యాలెండర్: మొదటి శుక్రవారం తెలుసు, గుడ్ ఫ్రైడే తెలియదు

కతోలిక విచారణ (పారిష్) గుడిలో ఆదివారం పూజ చివర ప్రకటనలు చదివే వేళకి వెనక వరసలు సగం ఖాళీ. ఉన్నవాళ్లు విన్నది ఇంటికెళ్లేసరికి గుర్తుండదు. వాట్సాప్‌లో పెట్టిన పోస్టరు గంటలో శుభోదయాల కింద పూడిపోతుంది. పైగా అది బొమ్మ కాబట్టి, తర్వాత పేరు కొట్టి వెతికినా దొరకదు. ఈ రెండింటికీ తోడుగా విచారణ పేరుతో ఒక గూగుల్ క్యాలెండర్ నడిపితే ఏం ఒరుగుతుంది, ఏం ఒరగదు అన్నదే ఇక్కడి సంగతి.

ముందే చెప్పేస్తే, ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు. ఖర్చు లేదు, ఒక మధ్యాహ్నం కూర్చుంటే సిద్ధమవుతుంది. పోయిన ఆ ఒక్క మార్కు ఎందుకంటే, దానికి నెలలు, వారాలు తెలుసు కానీ ఆరాధనా సంవత్సరం, అంటే పండుగలూ ఉపవాస కాలాలూ వచ్చే చర్చి క్రమం, తెలియదు. అది తెలిసిన మనిషి ఒకరు వెనక లేకపోతే తప్పు తేదీలను కూడా చక్కగా, రంగుల్లో చూపిస్తుంది.

పెట్టే పద్ధతి. ఉత్సాహంగా ముందుకొచ్చిన యువకుడి సొంత అకౌంటులో మొదలుపెట్టొద్దు. అతను చదువుకో ఉద్యోగానికో ఊరు మారితే క్యాలెండర్ కూడా అతనితోనే పోతుంది. విచారణ పేరుతో వేరే గూగుల్ అకౌంటు తెరిచి, పాస్‌వర్డు ఆఫీసులో ఉంచి, రికవరీ నంబరుగా ఆఫీసు ఫోనే ఇవ్వాలి. ఫోన్ యాప్‌తో కుస్తీ పట్టకుండా కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి, ఎడమవైపు 'అదర్ క్యాలెండర్స్' పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కితే కొత్త క్యాలెండర్ సృష్టించే దారి కనిపిస్తుంది. టైమ్ జోన్ అక్కడే సరిచూసుకోవాలి. తర్వాత సెట్టింగ్స్‌లో దాన్ని పబ్లిక్ చెయ్యాలి. అక్కడ 'సీ ఆల్ ఈవెంట్ డీటెయిల్స్' ఎంచుకోకుండా 'ఫ్రీ, బిజీ' మాత్రమే వదిలేస్తే లింకు తెరిచిన ప్రతివాళ్లకీ పండుగ పూజైనా, గాయక బృందం సాధనైనా ఒకే మాట కనిపిస్తుంది: బిజీ. లింకు పంచేముందు అకౌంటు నుంచి లాగౌట్ అయి ఒకసారి తెరిచి చూస్తే ఈ తప్పు అక్కడే దొరికిపోతుంది.

రాసే అధికారం ఎంతమందికివ్వాలి? పంచుకునే హక్కులతో సహా పూర్తి అధికారం ఇద్దరికి చాలు. సంఘాల కార్యదర్శులకు ఈవెంట్లు మార్చే హక్కు ఇస్తే సరిపోతుంది. క్యాలెండర్లు కూడా మూడుకు మించొద్దు: ఆరాధన ఒకటి, సంఘాలూ సత్యోపదేశం (పిల్లలకు మత బోధన) క్లాసులూ కలిపి ఒకటి, హాలు బుకింగులకు ఒకటి. సంఘానికొకటి చొప్పున పది తెరిస్తే ఏది చేర్చుకోవాలో తెలియక జనం ఒక్కటీ చేర్చుకోరు.

ఇక అసలు తిరకాసు, పునరావృతం. నెల మొదటి శుక్రవారం యేసు తిరుహృదయ భక్తి పూజ పెట్టాలనుకుందాం. ఆ తేదీ మీద ఈవెంట్ తెరిచి 'మంత్లీ ఆన్ ద ఫస్ట్ ఫ్రైడే' ఎంచుకుంటే ప్రతి నెలా దానంతటదే వస్తుంది. ఎంత హాయి! అయితే 2026 ఏప్రిల్‌లో మొదటి శుక్రవారం 3వ తేదీ, అదే గుడ్ ఫ్రైడే. ఆ రోజు శ్రీసభలో (కతోలిక చర్చిలో) ఎక్కడా దివ్యపూజ ఉండదు. శ్రమల పఠనం, సిలువ ఆరాధన, ముందురోజు ఆశీర్వదించి దాచిన సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) పంచడం, అంతే. క్యాలెండర్ మాత్రం నిశ్చింతగా సాయంత్రం ఆరింటికి పూజ అని చూపిస్తుంది. మరుసటి రోజు మొదటి శనివారం, అది పవిత్ర శనివారం. మరియమాత భక్తి పూజ పెట్టి ఉంటే అదీ అంతే. 2027 జనవరి 1 కూడా శుక్రవారమే, దేవమాత మహోత్సవం. అదే సంవత్సరం జూన్ 4న మొదటి శుక్రవారం, యేసు తిరుహృదయ మహోత్సవం ఒకే రోజున కలుస్తాయి. ఇది మంచి కలయికే, కానీ పాత ఎంట్రీ తీయకపోతే ఒకే సాయంత్రం రెండు పూజలున్నట్టు కనిపిస్తుంది.

ఇలాంటి రోజు తీసేటప్పుడు గూగుల్ మూడు దారులు చూపిస్తుంది: ఈ ఒక్కటి, ఇదీ దీని తర్వాతవీ, అన్నీ. తొందరలో రెండోది నొక్కితే ఆ తర్వాతి మొదటి శుక్రవారాలన్నీ ఎగిరిపోతాయి. కంగారొద్దు, చెత్తబుట్టలో దాదాపు 30 రోజులు ఉంటాయి, వెనక్కి తెచ్చుకోవచ్చు. కాకపోతే పోయిన సంగతి ఆ 30 రోజుల్లో ఎవరో ఒకరు గమనించాలి మరి.

తేదీ మారని పండుగలకు 'ప్రతి సంవత్సరం' అని పెట్టి మరిచిపోవచ్చు కదా అనిపిస్తుంది. అదీ కుదరదు. మంగళవార్త మహోత్సవం మార్చి 25. 2027లో ఆ తేదీ పవిత్ర గురువారం మీద పడుతుంది, అందుకని ఆ పండుగ పాస్క అష్టదినాలు (ఈస్టర్‌తో మొదలయ్యే ఎనిమిది రోజులు) దాటాక, ఏప్రిల్ 5 సోమవారానికి జరుగుతుంది. 2024 డిసెంబరు 8 ఆగమన కాలపు (క్రిస్మస్‌కి ముందు సిద్ధపాటు వారాలు) ఆదివారం కావడంతో నిష్కళంక మాత మహోత్సవం 9వ తేదీకి జరిగింది. క్యాలెండర్‌కి ఇవేవీ పట్టవు.

ఈస్టర్ మీద ఆధారపడేవి ఏటా చేత్తో వేసుకోవాల్సిందే. లెక్క ఒకసారి పట్టుబడితే పది నిమిషాల పని. ఈస్టర్‌కి 46 రోజులు వెనక్కి వెళ్తే విభూది బుధవారం, 7 రోజులు వెనక్కి వెళ్తే మ్రానికొమ్మల ఆదివారం. ముందుకు 39 రోజులు లెక్కిస్తే మోక్షారోహణ గురువారం. దాన్ని ఆదివారానికి మార్చిన చోట్ల 42. 49కి పెంతెకోస్తు, 56కి త్రిత్వ ఆదివారం, 60కి క్రీస్తు శరీర రక్తాల మహోత్సవం, ఆదివారం జరిపితే 63. 68కి తిరుహృదయం. 2027 ఈస్టర్ మార్చి 28 కాబట్టి విభూది బుధవారం ఫిబ్రవరి 10, పెంతెకోస్తు మే 16. గురువారమా ఆదివారమా అన్నది మీ మేత్రాసనం (బిషప్ పరిధిలోని ప్రాంతం) వెలువరించే ఆరాధనా పంచాంగం చూసి వేసుకోవాలి, ఇంటర్నెట్‌లో దొరికిన వేరే దేశపు జాబితా చూసి కాదు.

నవదిన ప్రార్థనల లెక్కలోనూ తరచూ ఒక రోజు తేడా వస్తుంది. సెప్టెంబరు 8 పండుగకు తొమ్మిది రోజులు ఆగస్టు 30న మొదలై 7వ తేదీతో ముగియాలి. పండుగ రోజును కూడా కలిపి లెక్కపెట్టినవాళ్లు 31న మొదలుపెడతారు, ఎనిమిదో తేదీకి వచ్చేసరికి పండుగ పూజతో పాటు ఒక నవదినం మిగిలిపోతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన గడి మాత్రం అర్ధరాత్రి. క్రిస్మస్ రాత్రి పూజను అందరూ '24 రాత్రి 12 గంటలకు' అంటారు. అదే మాట నమ్మి డిసెంబరు 24 తేదీ పెట్టి 12 ఏఎం కొడితే అది 23 రాత్రి అవుతుంది. సరైన ఎంట్రీ 25వ తేదీ 12 ఏఎం, కానీ అది చూసి జనం 25 రాత్రికి వస్తారేమోనన్న భయం ఉంటుంది. చక్కటి ఉపాయం, పాటలతో 11.30కి మొదలవుతుందనుకుంటే 24వ తేదీ 11.30 పీఎం అని వెయ్యడం. గందరగోళం పుట్టనే పుట్టదు. ఈస్టర్ ముందురాత్రి, కొత్త నిప్పు వెలిగించి మొదలుపెట్టే పాస్క జాగరణదీ ఇలాంటి ఇబ్బందే: అది చీకటి పడ్డాకే మొదలవ్వాలి, ఆదివారం తెల్లవారకముందే ముగియాలి. ఈస్టర్ ఏటా మారుతుంది కనుక సూర్యాస్తమయమూ మారుతుంది. పోయినేడాది సమయాన్ని కాపీ చేస్తే ఇంకా వెలుతురుండగానే కొత్త నిప్పు వెలిగించాల్సి రావచ్చు. శనివారం సాయంత్రం పూజకి పేరు పెట్టేటప్పుడు కూడా 'ఆదివారపు పూజ, శనివారం సాయంత్రం' అని పూర్తిగా రాయండి. శ్రీసభ చట్టం 1248 ప్రకారం ముందురోజు సాయంత్రం పూజలో పాల్గొన్నా ఆదివారపు బాధ్యత తీరుతుంది. ఆ సంగతి పేరులోనే తెలిస్తే ఆఫీసుకి ఫోన్లు తగ్గుతాయి.

ఏడాది జాబితా మొత్తం ఒక్కొక్కటిగా టైపు చెయ్యక్కర్లేదు. ఎక్సెల్‌లో రాసి సీఎస్‌వీ ఫైలుగా దించుకుని, సెట్టింగ్స్‌లోని ఇంపోర్ట్ ద్వారా ఎక్కించొచ్చు. ఇక్కడ మూడు చోట్ల కాలు జారుతుంది. పై వరసలో సబ్జెక్ట్, స్టార్ట్ డేట్, స్టార్ట్ టైమ్ లాంటి శీర్షికలు ఇంగ్లీషులోనే ఉండాలి, వాటి కింద విషయం తెలుగులో రాసుకోవచ్చు. ఫైలు దాచేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' రకం ఎంచుకోవాలి, లేకపోతే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. తేదీలో నెల ముందు రాయాలి: 04/05/2026 అంటే ఏప్రిల్ 5, మే 4 కాదు. 12 దాటిన తేదీల్లో పొరపాటు వెంటనే బయటపడుతుంది, 12 లోపు వాటిలో గుట్టుగా దాక్కుంటుంది. ఇంపోర్టుకి వెనక్కి తిప్పే మీట లేదు, ఒకే ఫైలు రెండుసార్లు ఎక్కిస్తే అన్నీ జంటలుగా కనిపిస్తాయి. కాబట్టి ముందు 'పరీక్ష' అని ఖాళీ క్యాలెండర్ ఒకటి తెరిచి అందులోకి ఎక్కించి చూడండి. తప్పుంటే ఆ క్యాలెండర్‌నే తీసేస్తే సరి.

పేర్లు రాసే తీరు మీద కాస్త శ్రద్ధ పెట్టాలి. ఫోన్‌లో నెల మొత్తం చూసేటప్పుడు ఒక్కో గడిలో మొదటి కొద్ది అక్షరాలే కనిపిస్తాయి. 'నెలసరి సమావేశం - విన్సెంట్ డి పాల్ సభ' అని రాస్తే గడిలో మిగిలేది 'నెలస'. సంఘం పేరు ముందుంచండి. కార్యక్రమం రద్దయితే ఎంట్రీ తుడిచెయ్యొద్దు, పేరు ముందు 'రద్దు' అని చేర్చండి. తుడిచేస్తే అసలెప్పుడూ లేదో, తనకే కనిపించడం లేదో చూసేవాడికి అర్థం కాదు.

క్యాలెండర్‌లోకి రాకూడనివీ ఉన్నాయి. పబ్లిక్ చేసినది గూగుల్ వెతుకులాటలో ఎవరికైనా దొరకొచ్చు. మంచం పట్టినవారి ఇళ్లకు సత్ప్రసాదం తీసుకెళ్లే రోజు వేయండి, వారి పేర్లు, వీధులు వద్దు. ప్రథమ సత్ప్రసాదం తీసుకునే పిల్లల పేర్లూ వద్దు. పూజ చెప్పించుకునేవారి ఉద్దేశాలకు, అంటే ఎవరి కోసం, దేని కోసం పూజ అన్న వివరాలకు, పుస్తకమే సరైన చోటు. చట్టం 958 దానికోసం ప్రత్యేక పుస్తకం ఉంచమనే చెబుతోంది. ఏడాదిలోగా తీర్చగలిగినన్నే ఒక గురువు స్వీకరించాలని 953 అంటుంది కాబట్టి ఆ లెక్క గురువుల చేతిలో ఉండాలి, వాలంటీరు ఫోన్‌లో కాదు.

హాలు విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. మామూలు అకౌంటులో ఒకే సమయానికి రెండు బుకింగులు పడినా గూగుల్ అడ్డుకోదు, పక్కపక్కన చూపించి ఊరుకుంటుంది. హాలు క్యాలెండర్‌లో రాసే అధికారం ఒక్కరికే ఉండాలి, ప్రతి బుకింగుకీ ముందు అరగంట, వెనక అరగంట కలిపే వెయ్యాలి. కుర్చీలు సర్దే సమయం ఎవరి లెక్కలోనూ ఉండదు, గొడవలొచ్చేది అక్కడే.

అన్నిటికన్నా పెద్ద లోటు కబురు. మీరు పెట్టుకున్న రిమైండర్ మీకే మోగుతుంది, చేర్చుకున్నవాళ్లకి కాదు. ఎవరి నోటిఫికేషన్ వాళ్లే పెట్టుకోవాలి, చాలామంది పెట్టుకోరు. పైగా ఐసీఎస్ లింకుతో (క్యాలెండర్‌ని ఇతర యాప్‌లకు ఇచ్చే చిరునామా) వేరే యాప్‌లో చేర్చుకున్నవారికి మార్పు చేరడానికి గంటలు పట్టొచ్చు. శనివారం రాత్రి మార్చిన సమయం ఆదివారం ఉదయానికి అందుతుందన్న నమ్మకం లేదు. అందుకే చివరి నిమిషపు మార్పుకి వాట్సాపే దిక్కు. గ్రూపులో 1024 మందికే చోటు, అడ్మిన్లు మాత్రమే పంపేలా పెట్టుకుంటేనే పని జరుగుతుంది. పోస్టరుతో పాటు అదే విషయం రెండు వరసల్లో టైపు చేసి పంపండి, వెతికితే దొరుకుతుంది. ఫోన్ వాడని పెద్దవాళ్ల కోసం 'షెడ్యూల్' వ్యూలో ఆ వారం మట్టుకు పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి బోర్డుకి అంటించాలి. నెల వ్యూలో ప్రింటు తీస్తే పొడవాటి పేర్లు తెగిపోతాయి.

చివరిగా ఒక సెట్టింగు. పునరావృతం పెట్టేచోట 'ఎండ్స్' దగ్గర 'నెవర్' అనే ఉంటుంది, దాన్ని అలా వదలొద్దు. శ్రీసభ కొత్త సంవత్సరం ఆగమన కాలపు మొదటి ఆదివారంతో మొదలవుతుంది, 2026లో అది నవంబరు 29. ప్రతి పునరావృతానికీ ముగింపు తేదీగా ముందురోజు, నవంబరు 28 పెట్టండి. ఆ తర్వాతి గళ్లన్నీ ఖాళీగా కనిపిస్తాయి, అప్పుడు ఎవరో ఒకరు ఆరాధనా పంచాంగం పక్కన పెట్టుకుని కూర్చోక తప్పదు.