చెన్నై చెమటకి ఏది మేలు? ఫౌండేషనా, కాంపాక్టా, టింటెడ్ సన్‌స్క్రీనా?

మా పిన్ని కూతురు పోయిన నెల నెల్లూరు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వచ్చి దిగింది. వేళచ్చేరిలో పీజీ, ఓఎంఆర్‌లో మొదటి ఉద్యోగం. మూడో రోజే ఫోన్ చేసింది. "అక్కా, ఆఫీసులో అందరూ ఎంతో కొంత మేకప్ వేసుకొస్తున్నారు. నేను ముందు ఏం కొనాలి? ఫౌండేషనేనా?"

వద్దే తల్లీ అన్నాను. నా మొదటి జీతంతో నేను కొన్నది అదే మరి, మొహమంతా ఒకే రంగులో కనపడేలా రాసుకునే ఆ క్రీమే. టీ నగర్‌లో ఒక షాపులో, పసుపు లైట్ల కింద, సేల్స్ అమ్మాయి నా మణికట్టు మీద రాసి "కరెక్ట్ మ్యాచ్ మేడమ్" అంది. మర్నాడు మాంబళంలో లోకల్ ట్రైన్ ఎక్కేటప్పుడు బాగానే ఉన్నాను. తాంబరంలో దిగి ఫోన్ కెమెరాలో చూసుకుంటే ముక్కు పక్కన చారలు, నుదురంతా బూడిద రంగు, మెడ మాత్రం నా సొంత రంగు. సగం రంగేసి వదిలేసిన చవితి వినాయకుడిలా ఉన్నాను.

తప్పు ఎక్కడంటే, మణికట్టు రంగూ మొహం రంగూ ఒకటి కాదు. షేడ్ చూడాల్సింది దవడ దగ్గర. రాసుకుని షాపు బయటికొచ్చి పగటి వెలుతురులో చూడాలి. పది పదిహేను నిమిషాలు ఆగాలి కూడా. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలి, చర్మం మీది జిడ్డుతో కలిసి, కాసేపటికి ఒక షేడ్ ముదురుతాయి.

ఫౌండేషన్ చెడ్డదని కాదు. మచ్చల్ని బాగా కప్పుతుంది, షేడ్లు ఎక్కువ దొరుకుతాయి, పెళ్లి ఫోటోలకి దానికి సాటి లేదు. కానీ తడి స్పాంజితో మెడ దాకా అద్దాలి, పైన పౌడర్ వేయాలి. చేయి తిరిగే దాకా పావుగంట పని. పైగా చెన్నై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, మొహం మీదే నిలిచిపోతుంది. కర్చీఫ్‌తో తుడిస్తే తుడిచిన చోట ఫౌండేషన్ కూడా పోతుంది. ఇదే సీసా బెంగళూరు వెళ్లినప్పుడు సాయంత్రం దాకా నిలబడింది!

ఇక కాంపాక్ట్, అంటే డబ్బాలో బిళ్లగా నొక్కిన పౌడర్. మన అమ్మలు పాండ్స్ పౌడర్ అద్దుకుని కొంగుతో తుడుచుకుని బయల్దేరినదానికి ఇది కొంచెం చదువుకున్న రూపం. జిడ్డు పీలుస్తుంది, రెండు నిమిషాల పని, బ్యాగులో పడుంటుంది. 300 లోపే మంచివి దొరుకుతాయి. షేడ్ కాస్త అటూ ఇటూ అయినా ఫౌండేషన్ అంత పట్టించదు. ఒక్కటే జాగ్రత్త. చెమట మీద వేయకూడదు, ముద్దలు కడుతుంది. ముందు టిష్యూతో ఒత్తి, ఆ తర్వాత పఫ్‌తో అద్దాలి, రుద్దకూడదు. ఆ పఫ్ వారానికోసారైనా ఉతకండి. మొటిమలకి కాంపాక్ట్‌ని తిట్టేవాళ్లలో సగం మంది పఫ్ చూస్తే విషయం తెలిసిపోతుంది. పొడి చర్మం వాళ్లకి మాత్రం ఇది తెల్లగా పొట్టు లేచినట్టు కనపడుతుంది.

మూడోది టింటెడ్ సన్‌స్క్రీన్, అంటే రంగు కలిపిన సన్‌స్క్రీన్. నా ఓటు దీనికే. చెన్నైలో ఎండ క్రీమ్ ఎలాగూ తప్పదు, ఆ పనిలోనే మొహం రంగు సమంగా కనపడుతుంది. వేళ్లతో రాసుకోవచ్చు. చాలావాటిలో ఆ రంగు ఐరన్ ఆక్సైడ్ల వల్ల వస్తుంది. అవి మామూలు వెలుతురుని కూడా కొంత ఆపుతాయి, మంగు మచ్చలున్నవాళ్లకి అందుకే మంచిది. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ నంబర్ 30 ఉంటే చాలు, సరిగ్గా రాస్తే చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో 97 శాతం దాకా ఆపుతుంది.

చిక్కు ఆ "సరిగ్గా" దగ్గరే ఉంది. మొహానికీ మెడకీ రెండు వేళ్ల పొడవు క్రీమ్ పట్టాలి. బఠాణీ గింజంత రాసుకుంటే డబ్బా మీది నంబర్ డబ్బా మీదే ఉంటుంది. రెండో లోపం, వీటిలో చాలావరకు రెండు మూడు షేడ్లే వస్తాయి. బాగా చామనఛాయ వాళ్లకి బూడిద రంగు కొట్టొచ్చు. అలాంటప్పుడు రంగు లేని సన్‌స్క్రీన్ రాసి, అది ఇంకాక తన షేడ్ కాంపాక్ట్ అద్దుకోవడమే నయం. మా చెల్లికి చివరికి ఇదే చెప్పాను, దానిది నా రంగే.

కళ్లకి లిక్విడ్ ఐలైనర్‌తో మొదలుపెట్టొద్దు. చేయి వణికితే గీత చెవి దాకా పోతుంది. డబ్బా కాటుక చవక, పైగా 1938 నుంచి ఉన్న ఐటెక్స్ ఈ ఊరిదే. కానీ మెత్తటి కాటుక మధ్యాహ్నానికి కంటి కిందికి జారుతుంది. ఆఫీసుకి వాటర్‌ప్రూఫ్ పెన్సిల్ మేలు. ఏది కొన్నా స్నేహితురాళ్లతో పంచుకోకండి, కళ్లకలక అలా కూడా అంటుకుంటుంది.

లిప్‌స్టిక్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫిల్టర్ కాఫీ కప్పుకి అంతగా అంటకూడదంటే మెరుపు లేని మ్యాట్ రకం, పెదాలు పగిలేవాళ్లకి క్రీమ్ రకం. మొదటిది మీ పెదాల రంగు కంటే ఒక్క షేడ్ ముదురుగా తీసుకుంటే అద్దం లేకుండా కూడా వేసుకోవచ్చు.

ఇవన్నీ కొన్నాక రాత్రి తుడుచుకోవడానికి క్లెన్సర్‌కి డబ్బులు మిగల్చమన్నాను. వాటర్‌ప్రూఫ్‌వి ఉత్త నీళ్లకి పోవు.

నిన్న ఫోటో పంపింది. మొహం చక్కగా ఉంది, కాటుక మాత్రం ఒక కంటికి లావు, ఇంకో కంటికి సన్నం. పిన్నికి చూపిస్తే, "అదలా ఉండనీ, ఆ పెన్సిల్‌తోనే చెవి వెనక దిష్టి చుక్క కూడా పెట్టుకోమను" అంది.