చుక్కలు చదవడం నేర్పిన బి.ఏ.

నేను బి.ఏ. చదివింది 2006 నుంచి 2009 దాకా, కావలిలో. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్, తెలుగు మీడియం. సిలబస్ సంగతీ ఉద్యోగాల సంగతీ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఈ డిగ్రీ మీద నాకింత మమకారం ఉండడానికి కారణం ఒక్కటే. ఏ పాత కాగితం గురించి చెప్పినా మా హిస్టరీ సార్ మూడు ప్రశ్నలు అడిగేవారు. ఇది ఎవరు రాశారు? ఎవరి కోసం రాశారు? ఏం రాయకుండా వదిలేశారు?

సారా వ్యతిరేక ఉద్యమం నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైందనీ, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చిందనీ పుస్తకంలో ఉంటుంది. సార్ అంతటితో ఊరుకోలేదు. మీ ఊళ్ళో సారా అంగడికి అడ్డం నిలబడిన ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ మాట రాసుకుని రమ్మన్నారు. మా వీధి చివరింటి అవ్వ, రాత్రిబడిలో పలక మీద తన పేరు రాయడం వచ్చాకే ఇంట్లో మగవాళ్ళకు ఎదురు మాట్లాడే ధైర్యం వచ్చిందని చెప్పింది. ఆ పనికి మార్కులేం లేవు. పిలకాయలు సగం మంది చేయలేదు కూడా.

ఆ మూడు ప్రశ్నలు నాకు అక్కరకొచ్చింది 2016లో. చెల్లెలి పెళ్ళికని మా నాయన ఎకరా కయ్య అమ్మబోతే రిజిస్ట్రేషన్ ఆపేశారు. మా సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందన్నారు. చుక్కల భూమి. బ్రిటిష్ కాలం నాటి రీసెటిల్మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారట. నకలు తెచ్చి చూస్తే నిజంగానే చుక్కలు. సార్ మూడో ప్రశ్న కళ్ళ ముందు కనబడింది.

జాబితా నుంచి తీయిస్తానని బ్రోకరు ఒకాయన ముప్పై వేలు అడిగాడు. నాయన ఇవ్వడానికి సిద్ధమైపోయాడు. ఒక్క వారం ఆగమని, అటక మీది రేకు పెట్టె దించాను. అడుగున తాత దాచిన శిస్తు రసీదులు, మడతల దగ్గర చినిగిపోయి, ఊదారంగు పెన్సిలుతో కరణం రాసినవి. ఒకదాని మీద 1362 అని ఉంది. అది రసీదు నంబరని బ్రోకరు పక్కన పడేశాడు. నాకు భూమి శిస్తు పాఠం గుర్తొచ్చింది. అది ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. మామూలు ఏడాది తెలియాలంటే 590 కలపాలి. 1952 జులై నుంచి 53 జూన్ దాకా. అట్టా ఒక్కో రసీదుకూ ఏడాది కట్టి చార్టు మీద వరసగా రాశాను. మధ్యలో మూడేళ్ళు ఖాళీ వచ్చింది. ఎందుకు లేవని నాయనను గుచ్చి గుచ్చి అడిగితే, ఆ మూడేళ్ళూ కౌలుకిచ్చామన్నాడు. కౌలు చేసినాయన పిల్లలు సింగరాయకొండలో ఉంటే పోయాం. వాళ్ళ పాత ట్రంకులో, పెళ్ళి శుభలేఖల కింద, ఆ మూడు రసీదులూ దొరికాయి. ఆ రోజు బస్సులో నాయన వాటిని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఊరు చేరేదాకా పైన చెయ్యి తీయలేదు.

ఇన్నేళ్ళూ "మా కయ్యను నా బి.ఏ. కాపాడింది" అని చెప్పుకుంటూ వచ్చాను. అది పూర్తిగా నిజం కాదు. 2017లో చుక్కల భూములకు చట్టమొచ్చింది, అన్ని కాగితాలతో అర్జీ పెట్టాం, అయినా తిరిగొచ్చింది. చుక్కలు పోయింది 2023లో, ప్రభుత్వం వాటిని మూకుమ్మడిగా జాబితా నుంచి తీసేసినప్పుడు. మాకంటే తక్కువ కాగితాలున్న పక్క కయ్య వాళ్ళవీ అప్పుడే పోయాయి. చెల్లి పెళ్ళి అప్పు చేసే చేశాం. కాకపోతే బ్రోకరుకు పైసా ఇవ్వలేదు. చేతులు కట్టుకుని నిలబడే నాయన, ఆఫీసులో రసీదుల కట్ట బల్ల మీద పెట్టి "ఫసలీ ప్రకారం చూడండి సార్" అన్నాడు. నా డిగ్రీకి ఫలితం ఏందంటే నేను చూపించేది అదే.

లోటు కూడా చెప్పాలి. జీవోలు ఇంగ్లీషులో ఉంటే డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రోజులు కుస్తీ పట్టాను. మూడేళ్ళలో ఒక్క జీవో మా చేత చదివించి ఉంటే ఆ బాధ ఉండేది కాదు. ఇప్పుడు రొయ్యల మేత అంగడిలో లెక్కలు చూస్తున్నాను, ఆ పని కూడా అక్కడే నేర్చుకున్నాను.

మా పిన్ని కూతురు బి.ఏ.లో చేరాలా అని అడుగుతోంది. 2023లో డిగ్రీలో మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఒకటే చేశారు, మాకు మూడు సబ్జెక్టులూ సమానంగా ఉండేవి. చుక్కల భూముల చట్టం అర్థం చేసుకోవడానికి నాకు పాలిటిక్స్ పాఠాలే పనికొచ్చాయి, కాబట్టి నా అనుభవం ఆ పిల్లకు సరిపోతుందో లేదో గట్టిగా చెప్పలేను. నాకైతే హాస్టలు ఉచితం, డిగ్రీ కాగానే జీతం తెమ్మని ఇంట్లో ఎవరూ అనలేదు. మా పిన్ని ఇంట్లో అట్టా కుదరదు. అందుకే చేరమనీ, వద్దనీ చెప్పలేదు. ముందు ఆ కాలేజీకి పోయి హిస్టరీ క్లాసులో ఒక పూట కూర్చుని, సార్ ఏం అడుగుతున్నాడో విని రమ్మన్నాను.