కొట్టుకు సైట్ చేయాలంటే వర్డ్‌ప్రెసా, రియాక్టా, ఉత్త హెచ్‌టీఎంఎలా?

"అక్కా, మొదటి క్లయింట్ దొరికారు. వర్డ్‌ప్రెస్‌లో చేయనా, రియాక్ట్‌లో చేయనా?"

ఈ నెలలో ఇది ఐదోసారి. అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ప్రశ్న అదే. వర్డ్‌ప్రెస్ అంటే కోడ్ రాయకుండానే లాగిన్ అయి పేజీలు మార్చుకునే సాఫ్ట్‌వేర్. రియాక్ట్ అంటే జావాస్క్రిప్ట్‌తో తెరలు కట్టే సాధనం. హెచ్‌టీఎంఎల్ అంటే బ్రౌజర్ నేరుగా చదివే పేజీ భాష. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు, అమీర్‌పేటలో కోర్సు చేసి గుంటూరు తిరిగొచ్చినవాళ్లు, ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు సొంత పని పట్టుకుందామనుకునేవాళ్లు. క్లయింట్లు కూడా ఇంచుమించు ఒకటే: బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు, కొత్తపేటలో డాక్టరు గారి క్లినిక్, మిర్చి యార్డు పక్కన కమీషన్ కొట్టు. ఐదారు పేజీలు, ఫోన్ నంబరు, మ్యాపు, నాలుగు ఫోటోలు, వాట్సాప్ బటన్. అంతే.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసేస్తున్నాను. మొన్న ఫిబ్రవరిలో నేను కూడా ఇదే ప్రశ్న దగ్గర రెండు రోజులు ఆగాల్సి వచ్చింది, ఆ అనుభవం ఇంకా పచ్చిగానే ఉంది.

వేగం, గూగుల్‌లో పైకి రావడం, చూడ్డానికి బాగుండడం — అందరూ వీటి గురించే వాదించుకుంటారు. ఐదు పేజీల సైట్‌కి ఈ మూడూ ఏ పద్ధతిలోనైనా సాధించవచ్చు. ఫోన్‌తో తీసిన నాలుగు ఎంబీల ఫోటోని అలాగే ఎక్కిస్తే దేంట్లో చేసినా నత్తనడకే. దాన్ని వెబ్‌పీ అనే తేలికైన ఫోటో ఫార్మాట్‌లోకి మార్చి వంద కేబీకి దింపితే దేంట్లో చేసినా బాగానే నడుస్తుంది. తెలుగు ఫాంట్ సంగతి కూడా అంతే. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంట్ ముందే ఉంటుంది, మామూలు పాఠానికి అది చాలు. శీర్షికలకు కావాలంటే రామభద్ర లాంటిది ఒకటి పెట్టుకోండి, మూడు నాలుగు మాత్రం వద్దు.

నేను ముందు చూసేది ఒక్కటే. ఈ పని నా చేతుల్లోంచి పోయాక మార్పులు ఎవరు చేస్తారు? వాళ్ల చేతికి ఏది అలవాటు? ఈ రెండింటికీ జవాబు దొరికితే మిగతాది దానంతటదే తేలిపోతుంది.

ఆ కమీషన్ కొట్టు సంగతి చెప్తాను. వాళ్లకు 2019లో ఒక కుర్రాడు వర్డ్‌ప్రెస్‌లో సైట్ చేసిచ్చాడు. పని శుభ్రంగానే చేశాడు, నేను తప్పు పట్టను. రోజువారీ ధరల పట్టికకు ఒక ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్), స్లైడర్‌కు ఒకటి, కాంటాక్ట్ ఫారానికి ఒకటి, అలా మొత్తం పద్నాలుగు. ఏడాది తిరిగేసరికి అతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ధరలు మార్చడం నేర్చుకున్న ఓనరు గారి అబ్బాయి పైచదువులకు వెళ్లిపోయాడు. పాస్‌వర్డ్ ఆ అబ్బాయి లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది.

వర్డ్‌ప్రెస్ నడిచేది పీహెచ్‌పీ అనే భాష మీద. దాని 7.4 వెర్షన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 నవంబరుతో ఆగిపోయాయి. హోస్టింగ్ వాళ్లు, అంటే సైట్‌ని తమ సర్వర్‌లో ఉంచేవాళ్లు, చాలా ఆలస్యంగా, ఈ ఏడాది మొదట్లో సర్వర్‌ని 8కి మార్చారు. ముందుగా మెయిళ్లు పంపారట, అవి పోయింది పాత డెవలపర్ అడ్రస్‌కి. ధరల ప్లగిన్ రాసినవాళ్లు దాన్ని ఏనాడో వదిలేశారు. దాని లోపల 'ఈచ్' అనే పాత ఫంక్షన్ ఉంది, పీహెచ్‌పీ 8లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఇంకేముంది, సైట్ తెరిస్తే తెల్ల పేజీ, మధ్యలో తీవ్రమైన లోపం వచ్చిందంటూ ఒక ఇంగ్లిష్ వాక్యం.

ఫిబ్రవరి అంటే యార్డులోకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీలకు లారీలు దిగే రోజులు. "అమ్మా, సైట్ ఆగి వారమైందంట. ఇవాళ ఒక పార్టీ ఫోన్ చేసి అడిగితే గానీ నాకు తెలీలేదు" అన్నారు ఓనరు గారు. ఆయన గొంతులో కోపం లేదు. ఏం చేయాలో, ఎవరిని అడగాలో తెలియని ఇబ్బంది ఉంది. నాకు అదే ఎక్కువ బాధనిపించింది. డబ్బు పెట్టి చేయించుకున్న వస్తువు మీద ఆయనకు ఏ పట్టూ లేకుండా పోయింది.

వెళ్లి కొట్టులో కూర్చున్నాను. "ఇన్నేళ్లలో సైట్‌లో ఏమేం మార్చారు?" అని అడిగాను. ధరలు తప్ప ఏమీ మారలేదు. ధరలు ముందుగా ఎవరికి తెలుస్తాయి? గుమస్తా గారికి. ఆయన యార్డులోంచి వస్తూనే, మిర్చి ఘాటుకు దగ్గుకుంటూ, గోడ పక్కన నిలబడి ఫోన్‌లో మిర్చి రకాల ధరలు, తేజ ఇంత, 334 ఇంత, తాలు ఇంత అని టైప్ చేసి పార్టీలకు వాట్సాప్‌లో పంపుతున్నారు. ఒంటి బొటనవేలితో, నాకన్నా వేగంగా. ఆయనకు వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ చూపించడంలో అర్థం లేదనిపించింది.

చివరికి ఇలా చేశాను. పేజీలన్నీ ఉత్త హెచ్‌టీఎంఎల్, రంగులూ అమరికా చూసే సీఎస్‌ఎస్. ధరలు ఒక గూగుల్ షీట్‌లో: రకం, కనిష్ఠం, గరిష్ఠం, గమనిక. పైన తేదీకి ఒక గడి. ఆ షీట్‌ని వెబ్‌కు పబ్లిష్ చేస్తే సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన ఉత్త అక్షరాలుగా, ఒక లింకు వస్తుంది. ఓ ముప్పై నలభై లైన్ల జావాస్క్రిప్ట్ ఆ లింకును చదివి పట్టిక గీస్తుంది. గుమస్తా గారు ఫోన్‌లో షీట్ మారిస్తే, ఐదు నిమిషాలు అటూ ఇటూగా సైట్‌లో మారిపోతుంది. సర్వర్ లేదు, డేటాబేస్ లేదు, అప్‌డేట్ చేయాల్సిన ప్లగిన్ లేదు. హోస్టింగ్ ఖర్చు కూడా లేదు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో ఉచితంగా నడుస్తోంది, ఏడాదికోసారి డొమైన్ (సైట్ అడ్రస్ పేరు) డబ్బు కడితే చాలు.

ఇదే పద్ధతి మీరూ పెట్టాలనుకుంటే కొన్ని జాగ్రత్తలున్నాయి. పబ్లిష్ చేసేటప్పుడు ఆ ఒక్క ట్యాబ్‌నే ఎంచుకోండి. మొత్తం డాక్యుమెంట్‌ని పబ్లిష్ చేస్తే పక్క ట్యాబ్‌లో రాసుకున్న పార్టీల లెక్కలు కూడా బయటికొస్తాయి. అసలు ధరల షీట్ విడిగా ఉంటేనే మంచిది. షీట్‌లోంచి వచ్చిన మాటను పేజీలో టెక్స్ట్‌కంటెంట్‌తో పెట్టండి, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో వద్దు; మొదటిది దాన్ని ఉత్త అక్షరాలుగానే చూపిస్తుంది, రెండోది కోడ్‌గా చదువుతుంది. నెట్ సరిగా లేక షీట్ రాకపోతే ఖాళీ పట్టిక కనిపించకూడదు, "నేటి ధరలకు ఫోన్ చేయండి" అని నంబరు కనిపించాలి. ఇంకోటి, మొదటి వారంలోనే ఒక ధర దగ్గర సున్నా ఎక్కువ పడింది. పది నిమిషాల్లో దిద్దాం గానీ ఆ పది నిమిషాలూ నాకు టెన్షనే. ఆ రోజే షీట్‌లో డేటా వ్యాలిడేషన్ పెట్టాను. హద్దు దాటిన అంకెను గడి ఇప్పుడు తీసుకోదు.

అలాగని వర్డ్‌ప్రెస్‌ని తీసిపారేయడం లేదు. 2003 నుంచి ఉంది, ప్రపంచంలోని సైట్లలో నూటికి నలభై పైన దాని మీదే నడుస్తున్నాయి. విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్‌కి నేనే వర్డ్‌ప్రెస్‌లో చేశాను. అక్కడ ఆఫీసులో ఒక మేడం ఉన్నారు. వారానికి రెండు మూడు నోటీసులు, ఫలితాలు, కొత్త బ్యాచ్ వివరాలు ఆవిడే తెలుగులో టైప్ చేసి ఫోటో జోడించి వేస్తారు. వర్డ్‌ప్రెస్‌లో 2018 డిసెంబర్లో వచ్చిన బ్లాక్ ఎడిటర్, అంటే పేజీ రాసే తెర, ఆవిడకు వర్డ్ ఫైల్‌లాగే తోచింది, ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకున్నారు. నాలుగేళ్లుగా నాకు ఫోన్ చేసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాసే మనిషి అక్కడ ఉన్నారు కాబట్టి అక్కడ వర్డ్‌ప్రెస్సే సరైనది, హెచ్‌టీఎంఎల్ పెడితే ఆవిడ చేతులు కట్టేసినట్టయ్యేది.

కానీ దానికి కాపలా కావాలి. ఆ సైట్‌లో నాలుగే ప్లగిన్లు. ప్రతి నెలా మొదటి శనివారం బ్యాకప్ తీసి, ఆ తర్వాత అప్‌డేట్లు చేస్తాను. దీనికి ఏడాదికి ఇంత అని ముందే కాగితం మీద రాసుకున్నాం. క్లయింట్ ఆ మెయింటెనెన్స్ డబ్బు ఇవ్వనన్నా, మీరు ఆ శనివారం కేటాయించలేమనుకున్నా, వర్డ్‌ప్రెస్ జోలికి వెళ్లకండి. ఎవరూ చూడని వర్డ్‌ప్రెస్ సైట్ ఇవాళ కాకపోతే రేపు పగులుతుంది, లేదంటే అందులోకి ఎవరో దూరతారు.

ఇక రియాక్ట్. ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మొగ్గు ఇటువైపే ఉంది. ఐదు పేజీల కొట్టు సైట్‌కి రియాక్ట్ వద్దు.

ఉత్త రియాక్ట్‌తో చేసిన పేజీ సోర్స్ తెరిస్తే రూట్ అనే ఒక ఖాళీ డివ్ (పెట్టె) తప్ప లోపల రాసిందేమీ దాదాపు ఉండదు; మిగతాదంతా జావాస్క్రిప్ట్ నడిచాకే వస్తుంది. వాట్సాప్‌లో లింకు పంపితే పక్కన బొమ్మ, పేరు కనిపిస్తాయి కదా, వాట్సాప్ వాటిని హెచ్‌టీఎంఎల్‌లోంచే తీసుకుంటుంది, జావాస్క్రిప్ట్ నడిపి చూడదు. చీరల పేజీ పంపినా, అడ్రస్ పేజీ పంపినా ఒకే ముక్క కనిపిస్తుంది. మన ఊళ్లో వ్యాపారమంతా వాట్సాప్ లింకుల మీదే నడుస్తుంటే ఇది చిన్న లోటు కాదు. రియాక్ట్ పేజీలను ముందే హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసిచ్చే నెక్స్ట్‌జేఎస్ వాడితే ఇది తీరుతుంది, నిజమే. కానీ రెండేళ్ల తర్వాత సంగతి?

విజయవాడలో ఒక క్లినిక్‌కి 2020లో నేను రియాక్ట్‌లో చేశాను. రెండేళ్లకు వాళ్లు ఫోన్ నంబరు మార్చమన్నారు. పది అంకెలు, అంతే. రియాక్ట్ సైట్‌లో ఏం మార్చినా దాన్ని మళ్లీ తయారు చేయాలి, దాన్నే బిల్డ్ అంటారు. అది నడవడానికి నోడ్ అనే ప్రోగ్రామ్ కావాలి, నా కొత్త లాప్‌టాప్‌లో దాని కొత్త వెర్షన్ ఉంది. నోడ్ 17 నుంచి లోపల ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 అనే భద్రతా భాగం వచ్చింది, సైట్ ఫైళ్లను కట్టగట్టే పాత వెబ్‌ప్యాక్ దానితో పొసగదు. బిల్డ్ కొడితే తెరనిండా ఎర్ర అక్షరాలు. పాత నోడ్ దించుకుని, ఆగిపోయిన ప్యాకేజీలు సరిచేసుకునేసరికి సాయంత్రం అయిపోయింది. ఆ సైట్ చేసిన నాకే అలా ఉంటే, నా తర్వాత వచ్చేవాళ్ల గతి? నేను ఆ సైట్‌ని మొదలుపెట్టడానికి వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్ అనే సాధనాన్ని కొత్త ప్రాజెక్టులకు వాడవద్దని 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ వాళ్లే ప్రకటించారు. నెక్స్ట్‌జేఎస్ కూడా 13వ వెర్షన్‌తో రౌటింగ్ పద్ధతినే, అంటే ఏ అడ్రస్‌కి ఏ పేజీ చూపాలో చెప్పే తీరునే, కొత్తగా తెచ్చింది. పెద్ద టీములకు అది ఎదుగుదల. కొట్టు ఓనరుకు అదంతా అనవసర ఖర్చు. అదే ఉత్త హెచ్‌టీఎంఎల్ అయితే, 1991లో సెర్న్ అనే పరిశోధన సంస్థలో పెట్టిన మొదటి వెబ్ పేజీల ప్రతి ఈనాటి బ్రౌజర్లో కూడా తెరుచుకుంటుంది.

రియాక్ట్‌కు తగిన పని వేరే ఉంది. కోల్డ్ స్టోరేజీలో ఏ రైతు టిక్కీలు ఎన్ని, ఏ గదిలో, ఎప్పుడు తీశారు, బాడుగ ఎంత అని పొద్దస్తమానం ముగ్గురు కూర్చుని చూసుకునే అప్లికేషన్ ఉందనుకోండి, అక్కడ రియాక్ట్ పెట్టండి. తెర మీద క్షణక్షణం మారేది ఉంది, వాడేవాళ్లు రోజంతా వాడతారు, మీకు నెలనెలా డబ్బు వస్తుంది.

"మరి ఇంటర్వ్యూలో రియాక్ట్ అడుగుతారు కదక్కా" అంటారు. అడుగుతారు, నేర్చుకుని తీరాలి. మీ సొంత ప్రాజెక్టులో నేర్చుకోండి. ఇంటి ఖర్చుల లెక్క చూసేదో, మీ కాలేజీ బస్సు టైములు చూపేదో చేయండి, పగిలితే మీరే అతికించుకుంటారు. ఓనరు గారి డబ్బుతో, ఆయన సైట్ మీద మన చదువు సాగకూడదు. నిజానికి ఇంటర్వ్యూలో నేనుంటే, "గుమస్తా గారి చేతి అలవాటు చూసి ఇది ఎంచుకున్నాను" అని చెప్పగలిగినవాళ్లను ముందు పిలుస్తాను.

హెచ్‌టీఎంఎల్ అంటే డబ్బు తక్కువ ఇస్తారేమో అన్న భయం కూడా చాలామందికి ఉంది. నన్ను ఇప్పటిదాకా ఏ ఓనరూ లోపల ఏముందని అడగలేదు. ఫోన్‌లో తెరుచుకుంటుందా, పార్టీలకు పంపొచ్చా, చెడిపోతే ఎవరిని పిలవాలి అనే అడుగుతారు. ధర మీ పనికి చెప్పండి, వాడిన సాధనానికి కాదు.

కోడ్ లేకుండా సైట్ కట్టిచ్చే విక్స్ లాంటివి తేలికే, కానీ డబ్బు కట్టడం ఆపితే సొంత డొమైన్ మీద సైట్ తెరుచుకోదు, వేరేచోటికి మార్చడం కష్టం. వంద రకాల సరుకు ఆన్‌లైన్‌లో అమ్మి కొరియర్ చేసేవాళ్లకు ఆన్‌లైన్ కొట్టు కట్టిచ్చే షాపిఫై బాగుంటుంది. కొందరికి వాట్సాప్ బిజినెస్, గూగుల్ మ్యాప్స్‌లో సరైన అడ్రస్ ఉంటే అసలు సైటే అక్కర్లేదు. అలాంటివాళ్లకు ఆ మాట చెప్పేయండి.

ఏది ఎంచుకున్నా డొమైన్ మాత్రం ఓనరు గారి మెయిల్, ఆయన ఫోన్ నంబరు మీదే కొనండి. పాత డెవలపర్ ఖాతాలో ఉండిపోయిన కమీషన్ కొట్టు డొమైన్ వెనక్కి తెచ్చుకోవడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. అతను మంచివాడు కాబట్టి ఫోన్ ఎత్తి, తనకు వచ్చిన ధృవీకరణ కోడ్ చెప్పాడు.

మే నెలలో ఒక రోజు అలవాటు కొద్దీ ఆ సైట్ తెరిచాను. ధరల గడులు ఖాళీగా ఉన్నాయి, గమనిక గడిలో "యార్డుకు వేసవి సెలవులు. తెరిచాక ధరలు పెడతాం" అని ఉంది. గుమస్తా గారు నన్ను అడగలేదు, ఫోన్ కూడా చేయలేదు.