ఎనిమిది మంది, ఆల్ప్స్ చుట్టూ పది రోజులు: వ్యాన్ ఒకటా, కార్లు రెండా?

తొమ్మిది సీట్ల వ్యాన్ అద్దె చూడగానే ఎనిమిది మందికి ఇదే చవక అనిపిస్తుంది. ఆ మాట నమ్మి బుక్ చేయకండి. మామూలు పొడవు వ్యాన్‌లో మూడో వరుస వెనక నాలుగు పెద్ద సూట్‌కేసులు పట్టడమే గగనం. మనిషికో 23 కిలోల పెట్టె చొప్పున ఎనిమిది తెచ్చుకున్నవాళ్ళు మిగతా నాలుగూ కాళ్ళ మధ్య ఇరికించుకోవాలి. పొడవు వ్యాన్ బొమ్మ చూపించినా కింద 'లేదా అలాంటిది' అని రాసి ఉంటుంది. పొట్టిది చేతికిస్తే అడగడానికేమీ ఉండదు. పైగా ఇలాంటి వ్యాన్‌ల ఎత్తు సుమారు 1.9 నుంచి 2 మీటర్లు. పాత ఊళ్ళలో భూగర్భ పార్కింగ్ గేటు మీద 1.90 అని రాసి ఉంటే వెనక వరుసగా కార్లు ఆగి ఉండగా రివర్స్ చేసుకుని బయటపడాలి. స్విస్ ఘాట్ మలుపుల్లో మూడో వరుసవాళ్ళకు తల తిరిగిందంటే ఆ పూట అందరి సరదా అక్కడితో సరి.

రెండు స్టేషన్ వ్యాగన్లు (వెనక డిక్కీ పొడవుగా ఉండే కార్లు) తీసుకోండి. ఒక్కోదాంట్లో నలుగురు, నాలుగు పెట్టెలు. స్విస్ విన్యెట్ (హైవేలు వాడుకోవడానికి ముందే కట్టే రుసుము) ఇంకో 40 ఫ్రాంకులు, ఆస్ట్రియా పది రోజుల విన్యెట్ ఇంకోటి (2025లో 12.40 యూరోలు), ఇటలీ టోళ్ళు రెండింతలు అవుతాయి. అది పెట్టదగిన ఖర్చే. పెద్దవాళ్ళు అలసిపోతే ఒక కారు బసకు వెళ్ళిపోతుంది, రెండోది కొండెక్కుతుంది. కారుకు ఇద్దరు డ్రైవర్లుండాలి, ఇద్దరి పేర్లూ కాంట్రాక్టులో ఉండాలి. పేరు లేనివాళ్ళు నడిపినప్పుడు దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ వర్తించదు. డిపాజిట్‌కు మొదటి డ్రైవర్ పేరున్న క్రెడిట్ కార్డు కావాలి, డెబిట్ కార్డుతో కౌంటర్ దగ్గర తిప్పలు తప్పవు.

ఇండియా లైసెన్సుతో పాటు ఆర్‌టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. షెంగెన్ వీసా ఎక్కువ రాత్రులు ఉండే దేశం నుంచే తీసుకోవాలి కాబట్టి రాత్రుల లెక్క ముందే తేల్చుకోండి.

ఇక దారి. మ్యూనిక్‌లో తీసుకుని మ్యూనిక్‌లోనే ఇచ్చేయండి. వేరే దేశంలో వదిలితే వన్ వే ఛార్జీ వీపు విమానం మోత మోగిస్తుంది. అక్కడి నుంచి స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్ సుమారు 430 కిలోమీటర్లు. మధ్యలో ఆస్ట్రియా కొద్దిసేపే వస్తుంది. జర్మనీ సరిహద్దు నుంచి హోహెనెమ్స్ ఊరి దాకా ఏ14 హైవే మీద విన్యెట్ అక్కర్లేదు, అక్కడ దిగి డీపోల్జావ్ మీదుగా స్విట్జర్లాండ్‌లోకి వెళ్ళిపోవచ్చు. ఆస్ట్రియా విన్యెట్ తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. స్విస్‌ది మాత్రం ముందే ఆన్‌లైన్‌లో నంబర్ ప్లేటుతో కొనడం మేలు. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, పైన విన్యెట్ ధర. ఇంటర్‌లాకెన్ పక్కనే ఉన్న లౌటర్‌బ్రూనెన్ లోయలో మూడు రాత్రులు హాయిగా గడిచిపోతాయి. ఆ లోయ పైనున్న వెంగెన్, మ్యూరెన్ ఊళ్ళలోకి కార్లు పోవు, బస బుక్ చేసేటప్పుడు అది గుర్తుంచుకోండి.

అసలు కడుపుమంట ఇటలీలో. ఫ్లోరెన్స్, పీసా, రోమ్ లాంటి ఊళ్ళ పాత బస్తీల్లోకి బయటి కార్లు పోకూడని జడ్‌టీఎల్ అనే హద్దులుంటాయి. అక్కడ పోలీసు ఉండడు, గేటూ ఉండదు. ఎరుపు వలయం మధ్య తెల్లటి గుండ్రం, కింద సన్న అక్షరాలు, పైన కెమెరా. అంతే. మ్యాప్ యాప్ అదే సందులోంచి పొమ్మంటుంది. దారి తప్పి మూడు కెమెరాలు దాటితే మూడు జరిమానాలు. అంతకన్నా అన్యాయమైనది రెంటల్ కంపెనీల వసూలు. మీ పేరూ చిరునామా పోలీసులకు ఇచ్చినందుకే ఒక్కో నోటీసుకు విడిగా రుసుము కార్డు మీంచి లాగేస్తారు, అసలు జరిమానా తర్వాత ఇంటికొస్తుంది. విదేశాల్లో ఉన్నవాళ్ళకు నోటీసు పంపడానికి ఇటలీ పోలీసులకు 360 రోజుల గడువుంది. అందిన ఐదు రోజుల్లోపు కడితే 30 శాతం తగ్గింపు. బస ఆ హద్దు లోపలే ఉంటే రాకముందే హోటల్‌కు నంబర్ పంపి, నమోదు చేశామని రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఫ్లోరెన్స్‌కు మాత్రం చక్కటి ఉపాయం ఉంది. ఏ1 హైవే మీంచి నేరుగా విల్లా కోస్టాంజా పార్కింగ్‌లోకి దిగొచ్చు, టోల్ గేటు దాటక్కర్లేదు. అక్కడే టీ1 ట్రామ్ ఎక్కితే అరగంట లోపే సాంటా మరియా నొవెల్లా స్టేషన్. కారు ఊళ్ళోకి పోనే పోదు. వెనిస్‌కు దాని పక్కన నేల మీదున్న మెస్త్రేలో బస చేసి రైల్లో వెళ్ళడమే మేలు. ఇటలీ వీధి పార్కింగ్‌లో తెల్ల గీతలు ఉచితం, నీలివి డబ్బు కట్టాలి, పసుపువి మనవి కావు. టోల్ ప్లాజాల్లో పసుపు టెలిపాస్ వరుస (కారులో టోల్ పరికరం ఉన్నవాళ్ళది) తప్పించి నీలి కార్డు వరుసలోకి వెళ్ళండి. పెట్రోల్ బంకులో 'సెల్ఫ్' పంపు దగ్గరే ఆగండి, 'సెర్వీతో' (బంకు మనిషి పోసేది) అయితే లీటరు ధర ఎక్కువ. మనుషుల్లేని బంకుల్లో మెషిన్ కార్డు మీద 100 యూరోలకు పైగా పట్టి ఉంచొచ్చు, కంగారు పడకండి.

బసకు వంటిల్లున్న అపార్ట్‌మెంట్ చూసుకోండి. చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ, కందిపొడి ఉంటే సగం గొడవలు రావు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు మాత్రం పెట్టకండి. పాల, మాంసపు పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు, పచ్చి కరివేపాకుకూ సర్టిఫికెట్ అడుగుతారు. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, బియ్యం, పెరుగు శనివారమే కొనుక్కోండి.

తిరుగు దారి ఇటలీ-ఆస్ట్రియా సరిహద్దులోని బ్రెన్నర్ కనుమ మీదుగా మెస్త్రే నుంచి మ్యూనిక్‌కు సుమారు 540 కిలోమీటర్లు. ఆస్ట్రియా వైపు బ్రెన్నర్ హైవేకు విన్యెట్ చాలదు, టోల్ విడిగా కట్టాలి. ఆ హైవే మీది లూగ్ వంతెన పనుల వల్ల 2025 నుంచి చాలా రోజులు ఒక్కోవైపు ఒక్క లేనే. వేసవి శనివారాల్లో ఈ దారి పట్టకండి, మంగళ, బుధవారాలు చూసుకోండి. కారు ఇచ్చేటప్పుడు నాలుగు వైపులా, చక్రాలు, అద్దం, ఇంధన మీటరు వీడియో తీసి, చివరి బంకు రసీదుతో పాటు ఏడాది దాచండి. జరిమానా వస్తే ఆ రోజు ఎవరు నడిపారో తేలేలా డ్రైవర్ల పట్టిక కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి.