పైథాన్ ఎసింక్ఐఓ ఈవెంట్ లూప్: పాల కేంద్రాల సర్వరులో దీర్ఘకాల వాడకం తర్వాత

చిత్తూరు జిల్లాలోని పాల సేకరణ కేంద్రాల యంత్రాలు పంపే తూకం, వెన్న శాతం వివరాలను అందుకొని, లెక్క కట్టి, రైతు ఫోనుకు సందేశం పంపే సర్వరును కొన్నేళ్లుగా పైథాన్ భాషలోని ఎసింక్ఐఓ లైబ్రరీ ఈవెంట్ లూప్ (ఎన్నో కనెక్షన్లలో దేనికి పని వస్తే దానిని నడిపే వలయం) మీదనే నడుపుతున్నాను. పాలు పోసే వేళ అన్ని ఊళ్లలోనూ ఇంచుమించు ఒకటే కాబట్టి తెల్లవారగానే కనెక్షన్లన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. పలమనేరు, కుప్పం వైపు సిగ్నల్ అందీ అందని ఊళ్ల నుంచి నాలుగు అంకెలు పూర్తిగా చేరడానికే చాలా సెకన్లు పడుతుంది. సర్వరు చేసే పనిలో అధిక భాగం ఎదురుచూడడమే. అటువంటి పనికి ఇంతకంటే తగిన పద్ధతి నాకు ఇంతవరకూ కనిపించలేదు.

మునుపు కనెక్షనుకొక థ్రెడ్ (ప్రోగ్రాములో విడిగా సాగే పని వరుస) నడిచేది. లినక్స్‌లో ఒక్కో థ్రెడ్‌కు సాధారణంగా 8 ఎంబీ స్టాక్ (దాని సొంత పనికి మెమరీ) కేటాయిస్తారు. వాడినంత మేరకే అసలు మెమరీ ఖర్చవుతుందన్నది నిజమే అయినా, ఊరికే ఆగి ఉన్న వందలాది థ్రెడ్లను మోయడం చిన్న సర్వరుకు భారమే. ఈవెంట్ లూప్‌కు ఒక్క థ్రెడ్ చాలు. ఏ సాకెట్‌కు, అంటే ఏ కనెక్షన్ కొసకు, డేటా వచ్చిందో లినక్స్ కెర్నల్‌లోని ఈపోల్ అనే సదుపాయం చెబుతుంది. లూప్ దానికోసం ఆగి ఉన్న కోరూటీన్‌ను (మధ్యలో ఆగి మళ్లీ సాగగల ఫంక్షన్‌ను) లేపి, అది మళ్లీ అవెయిట్ చేసి, అంటే ఫలితం కోసం ఎదురుచూస్తూ, ఆగేవరకూ నడిపి, తర్వాతి దానివైపు వెళుతుంది.

కోరూటీన్ తనంతట తాను ఆగకపోతే మాత్రం లూప్ దానిని ఆపలేదు. పక్షానికొకసారి రైతుల బిల్లులు తయారుచేసే లెక్కను ఇదే థ్రెడ్‌లో నడిపితే, అది పూర్తయ్యేదాకా ఏ కేంద్రానికీ జవాబు వెళ్లదు. అందుకే ఆ లెక్కను వేరే ప్రాసెస్‌కు పంపుతాను. అసింక్రనస్ రూపం (అవెయిట్ చేయదగిన రూపం) లేని డేటాబేస్ పిలుపులను, పనిని వేరే థ్రెడ్‌లో నడిపే టు_థ్రెడ్ అనే పైథాన్ 3.9లో వచ్చిన ఫంక్షన్‌కు అప్పగిస్తాను. డీబగ్ మోడ్ పెడితే 100 మిల్లీసెకన్లు దాటి లూప్‌ను పట్టి ఉంచిన ప్రతి కాల్‌బ్యాక్ (లూప్ పిలిచే ఫంక్షన్) లాగ్‌లో కనిపిస్తుంది. కొత్త కోడ్ ఏదైనా ఈ పరీక్ష దాటిన తర్వాతే అసలు సర్వరులో పెట్టాలని గట్టిగా చెబుతాను.

2014లో పైథాన్ 3.4తో వచ్చినప్పటి ఎసింక్ఐఓకూ నేటిదానికీ చాలా తేడా ఉంది. మరుసటి ఏడాది 3.5లో వచ్చిన అసింక్, అవెయిట్ అనే పదాలు కోడ్‌ను చదవదగినదిగా చేశాయి. నాకు అన్నిటికంటే మేలు చేసినవి 2022లో 3.11తో వచ్చిన టాస్క్‌గ్రూప్ (టాస్క్‌లను, అంటే లూప్‌కు అప్పగించిన కోరూటీన్లను, ఒక గుంపుగా నడిపేది), టైమౌట్ (గడువు విధించేది). మొబైల్ నెట్‌వర్క్‌లో అవతలి యంత్రం చడీచప్పుడూ లేకుండా మాయమైతే ఆ సంగతి సాకెట్‌కు తెలియదు కనుక, ప్రతి రీడ్‌కూ గడువు విధించక తప్పదు. ఇప్పుడు అది ఒక్క వాక్యంతో అయిపోతుంది. టాస్క్‌గ్రూప్ వల్ల మరో చిక్కు కూడా తీరింది. లూప్ టాస్క్‌లను బలహీన రిఫరెన్సులతో (మెమరీలో నిలిపి ఉంచని సూచికలతో) మాత్రమే పట్టి ఉంచుతుంది. విడిగా సృష్టించిన టాస్క్‌ను ఎక్కడా దాచుకోకపోతే, అది పూర్తి కాకముందే గార్బేజ్ కలెక్టర్ (వాడకంలో లేనివాటిని మెమరీ నుంచి తీసేసేది) దానిని తొలగించే అవకాశం ఉంది. టాస్క్‌గ్రూప్ అయితే తన టాస్క్‌లను తానే పట్టి ఉంచుతుంది.

డిస్కు ఫైళ్ల విషయంలో నా అసంతృప్తి అలాగే ఉంది. మామూలు ఫైళ్లను ఈపోల్ స్వీకరించదు కాబట్టి ఫైలు చదవడానికీ రాయడానికీ థ్రెడ్లనే ఆశ్రయించాలి. మామూలు లూప్‌కు బదులు వాడగల యువీలూప్ అనే లైబ్రరీకి మారితే వేగం పెరుగుతుంది, మార్చవలసిన కోడ్ కూడా కొద్దిదే. అయితే అది విండోస్‌లో నడవదు కాబట్టి ఆఫీసు కంప్యూటర్లలో పరీక్షించేటప్పుడు మామూలు లూప్‌నే వాడుతున్నాము.