అక్కయ్యపాలెం పాత బట్టల దుకాణం: అమ్మకం కన్నా కొనుగోలులోనే నేర్పు

విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఒక ఇంటి ముందు గదిలో నడుస్తున్న ఈ దుకాణానికి పేరున్న బోర్డు లేదు. గేటుకు కట్టిన అట్ట మీద ‘వాడిన చీరలు, డ్రస్సులు కొంటాము, అమ్ముతాము’ అని మాత్రం రాసి ఉంటుంది. ఇలాంటి వ్యాపారం చిన్నగా మొదలుపెట్టాలనుకునేవారు ఇక్కడ బట్టలు చూడటంతో సరిపెట్టుకోకుండా, యజమానురాలు సరుకు ఎలా కొంటున్నారో కాసేపు నిలబడి గమనించడం మంచిది.

ఒకావిడ సంచిలోంచి తీసిన పట్టుచీరను యజమానురాలు కొంగు నుంచి కాక మడతల దగ్గర నుంచి పరీక్షించారు. ఏళ్ల తరబడి బీరువాలో ఒకే మడత మీద ఉన్న పట్టు ఆ గీత వెంబడే చీలుతుంది కాబట్టి, అక్కడ రెండు బొటనవేళ్లతో మెల్లగా లాగి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, ఆ తరువాతే జరీ నల్లబడిందా, ఫాల్ కుట్టిన చోట అంచు ముడుచుకుపోయిందా అని చూశారు. చుడీదార్లకు చంకల కింద మరక, జిప్పు తుప్పు చూశారు. సంచిలో సగానికి పైగా తిప్పి ఇచ్చేస్తూ, “ఇవన్నీ తీసుకుంటే మీ బీరువా ఖాళీ అవుతుందండీ, నాది నిండిపోతుంది” అన్నారు. మొహమాటానికి పోయి తీసుకున్న సరుకే ఈ వ్యాపారాన్ని ముంచుతుందని నా అభిప్రాయం. ఆ మొహమాటం ఆమెకు లేదు.

ఆమె చెల్లింపు రెండు విధాలు: వెంటనే నగదు కావాలంటే తక్కువ ధర, అమ్ముడుపోయే దాకా ఆగితే వచ్చిన దానిలో సగం. పెట్టుబడి లేనివారికి రెండో పద్ధతే దారి, అయితే ప్రతి బట్టకూ చీటీ కట్టి, అదే నంబరు పుస్తకంలో రాసే ఓపిక ఉండాలి. తక్కువ ధరకు ఫారిన్ బేళ్లు (విదేశాల నుంచి వచ్చే వాడిన బట్టల మూటలు) ఇస్తామని వచ్చేవారిని ఆమె దగ్గరికి రానివ్వరు. వాడిన దుస్తుల దిగుమతికి మన దేశంలో లైసెన్సు తప్పనిసరి; పైగా విప్పి చూడకుండా బేలు కొనడమంటే, ఆ చీర మడత లాగి చూసే అవకాశాన్నే వదులుకోవడం. పన్ను సంగతికి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల అమ్మకం ఏడాదికి 40 లక్షలు దాటనంత వరకు, రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్న దుకాణానికి సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు. దాటినా, 2017 నాటి జీఎస్టీ నిబంధనల్లో 32(5) ప్రకారం ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తగ్గించుకునే వెసులుబాటు) తీసుకోని పాత వస్తువులకు కొన్న ధరకు, అమ్మిన ధరకు మధ్య తేడా మీదే పన్ను లెక్కించుకోవచ్చు.

లోపాలూ చిన్నవి కావు. సముద్రపు గాలి తగిలే ఊరిలో గోడకు ఆనించి బట్టలు వేలాడదీయడం పొరపాటు. వర్షాకాలంలో కాటన్ చీరల మీద సన్నని బూజు చుక్కలు, జాకెట్ల మీద హుక్కుల తుప్పు మరకలు కనిపించాయి. నేను 600 రూపాయలకు తీసుకున్న మంగళగిరి చీరకు కలరా ఉండల వాసన ఎంతకీ వదలలేదు. అంతకన్నా ఇబ్బంది కొలతలది: ఉతికి ఉతికి కుంచించుకుపోయిన కుర్తీ మీద పాత లేబుల్ సైజు చూసి కొనమంటే ఎలా? ఛాతీ, పొడవు అంగుళాల్లో కొలిచి ఆ చీటీ మీదే రాస్తే సరిపోతుంది. తెర కట్టిన మూల తప్ప వేసుకుని చూసుకోవడానికి చోటు లేదు, అమ్మిన బట్టను మార్చరు కూడా.

పిల్లల గౌన్లు, ఒకటి రెండు సార్లు మాత్రమే కట్టిన లంగా ఓణీలు ఇక్కడ తప్పక చూడదగ్గవి. చిరుగు గాని మరక గాని ఉంటే దాచకుండా పిన్నుతో గుర్తు పెట్టి అమ్ముతారు, ధర కొంత తగ్గిస్తారు. భోగికి ముందు ఇళ్లు సర్దుకునే రోజుల్లో సరుకు బాగా వస్తుంది గాని, అప్పుడు బేరానికి ఒప్పుకోరు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు మూసి ఉంటుంది.