పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కింద ఆరు మైకులు: ఎనిమిదేళ్ళ వాడకం తరువాత

నేను ఎనిమిదేళ్ళుగా వాడుతున్న రెండు పరికరాల గురించి ఇక్కడ రాస్తున్నాను. ఒకటి మెకానిక్కులు వాడే స్టెతస్కోపు, అంటే చెవి గొట్టాలకు సన్నని ఉక్కు చువ్వ బిగించి ఉండే సాధనం. రెండవది క్లిప్పులతో ఇనుప భాగాలకు తగిలించే ఆరు మైకుల సెట్టు. ఇందులో ఒక చిన్న పెట్టె మీది మీట తిప్పుతూ, హెడ్‌ఫోన్లలో ఒక్కొక్క మైకును వినవచ్చు. ఈ రెండింటినీ నేను ప్రధానంగా ఒకే బండి మీద వాడాను. అది ముందూ వెనకా గట్టి ఆక్సిళ్ళు (ఎడమ కుడి చక్రాలను కలిపే ఒకే ఇరుసులు), ఐదు గేర్ల గేర్ బాక్స్, పళ్ళ చక్రాలతో నడిచే ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్ బాక్సు శక్తిని ముందు, వెనక ఆక్సిళ్ళకు పంచే పెట్టె), ముందు చక్రాలను ఆక్సిల్‌తో కలపడానికీ విడదీయడానికీ చేత్తో తిప్పే ఫ్రీ వీలింగ్ హబ్బులు ఉన్న పాత డీజిల్ బండి. వీటిని కొన్నందుకు నాకు విచారం లేదు. కానీ ఇవి శబ్దం ఎక్కడ పుడుతోందో కనిపెట్టే పరికరాలు కావనీ, మనం ముందే తర్కించి రెండు మూడు భాగాలకు కుదించిన అనుమానాన్ని తేల్చి చెప్పే పరికరాలు మాత్రమేననీ నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

మొదటి ఏడాదే ఆ పాఠానికి మూల్యం చెల్లించాను. గంటకు 50 కిలోమీటర్ల వేగం దాటగానే సీటు కింద నుంచి గరగరమనే మోత వచ్చేది. ఆరు మైకులనూ బండి కింద తోచిన చోటల్లా తగిలించి విన్నాను. ఆరింటిలోనూ అదే శబ్దం వినిపించింది. అన్నిటికంటే పెద్దగా ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర వినిపించింది. ఒక వర్క్‌షాపులో దాన్ని విప్పించాను. లోపలి బేరింగులన్నీ బాగానే ఉన్నాయి. అసలు దోషం వెనక డిఫరెన్షియల్లోని (ఆక్సిల్ మధ్యలో ఉండి శక్తిని రెండు చక్రాలకూ పంచే భాగం) పినియన్ బేరింగుది; పినియన్ అంటే అక్కడి చిన్న పళ్ళ చక్రం. ఆ మోత ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ఆక్సిల్‌కు శక్తిని అందించే బోలు గొట్టం, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు గుండా ముందుకు ప్రయాణించి, ట్రాన్స్‌ఫర్ కేస్ పెంకులో మార్మోగి, అక్కడి నుంచి ఫోర్ వీల్ డ్రైవ్ లీవరు మీదుగా నేరుగా క్యాబిన్లోకి వస్తోంది. ఇనుముకు ఇనుము బిగించి ఉన్న ఇటువంటి బండిలో శబ్దం పుట్టిన చోటు వేరు, అది గట్టిగా వినిపించే చోటు వేరు కావడం చాలా మామూలు విషయం.

అప్పటి నుంచి నేను మైకులను బయటకు తీసే ముందు కాగితం మీద లెక్క వేసుకుంటున్నాను. నా బండి క్రౌన్ వీల్‌కు (పినియన్ తిప్పే పెద్ద పళ్ళ చక్రానికి) 41 పళ్ళు, పినియన్‌కు 10 పళ్ళు ఉన్నాయి. అంటే చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ప్రొపెల్లర్ షాఫ్టు 4.1 చుట్లు తిరుగుతుంది. టైరు ఒక చుట్టుకు సుమారు 2.25 మీటర్ల దూరం పోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఏడు చుట్లకు కాస్త పైగా, షాఫ్టు దాదాపు 30 చుట్లు తిరుగుతాయి. క్రౌన్, పినియన్ పళ్ళు సెకనుకు 300 సార్లు ఒకదానినొకటి తాకుతాయి. కాబట్టి ఆ వేగంలో చెవితో ఇంచుమించు లెక్కపెట్టగలిగినంత నెమ్మదిగా దబదబమంటే అది టైరు, బ్రేకు డ్రమ్ము లేదా హబ్బుకు సంబంధించినది. శబ్దంగా కంటే వణుకుగా తెలిసే సన్నని దడ అయితే ప్రొపెల్లర్ షాఫ్టు బరువు తూకం తప్పినట్టు. షాఫ్టు చివర వంగడానికి వీలిచ్చే కీలు, అంటే యూనివర్సల్ జాయింట్ కోణం తప్పితే షాఫ్టు ఒక చుట్టుకు రెండు సార్లు కుదుపుతుంది గనుక ఆ వణుకు రెట్టింపు వేగంతో వస్తుంది. స్వరం పట్టగలిగినంత స్పష్టంగా ఈల వేస్తున్నట్టు ఉంటే పళ్ళ మీద అనుమానం పెట్టుకోవాలి. ఈ నాలుగింటినీ వేరు చేయడానికి ఏ పరికరమూ అక్కరలేదు. పక్క సీటులో కూర్చుని స్పీడోమీటరు చూస్తూ శ్రద్ధగా వినే మనిషి ఒకరు ఉంటే చాలు.

వేగం తరువాత అడగవలసిన ప్రశ్న పళ్ళ మీద పడే భారం గురించి. ఒకే వేగంలో యాక్సిలరేటరు తొక్కినప్పుడు, పూర్తిగా వదిలినప్పుడు, బండి వేగం పెరగకుండా తగ్గకుండా ఉండేంత మాత్రమే తొక్కినప్పుడు శబ్దం ఎలా మారుతోందో విడివిడిగా రాసుకోవాలి. క్రౌన్ పినియన్ పళ్ళకు రెండు ముఖాలుంటాయి. ఇంజన్ లాగుతున్నప్పుడు ఒక ముఖం, బండి ఇంజన్ను తోస్తున్నప్పుడు రెండో ముఖం భారం మోస్తాయి. అందువల్ల పళ్ళ ఈల ఈ రెండు స్థితుల మధ్య తప్పక మారుతుంది. యాక్సిలరేటరు వదిలినప్పుడే వచ్చే ఈల అయితే నేను ముందుగా పినియన్ నట్టు వదులైందేమో, బేరింగుల బిగువు తగ్గిందేమో చూస్తాను. అరిగిన బేరింగు గరగర మాత్రం కాలి ఒత్తిడితో పెద్దగా మారక, వేగంతోనే పెరుగుతుంది. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద ఇంజన్ ఆపకుండా న్యూట్రల్‌లోకి తెస్తే, ఇంజన్‌తో ముడిపడిన శబ్దాలు పడిపోయి, చక్రాలతో ముడిపడినవి మిగులుతాయి. ఇంజన్ ఆపకూడదని ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, అది ఆగితే బ్రేకుకూ స్టీరింగుకూ ఉండే సహాయం పోతుంది.

గేర్ బాక్సు సంగతి కొంత తేలిక. బండి నిలిచి ఉండగా న్యూట్రల్‌లో వచ్చే మోత క్లచ్చి తొక్కగానే ఆగితే అది గేర్ బాక్సు లోపలి బేరింగులది. క్లచ్చి తొక్కినప్పుడే మొదలైతే క్లచ్చిని విడదీసే రిలీజ్ బేరింగుది. నా బండిలో లాగా నాలుగో గేరు నేరుగా ఉండే (పక్కనున్న కౌంటర్ షాఫ్టు పళ్ళ మీదుగా కాక శక్తి సూటిగా వెళ్ళే) గేర్ బాక్సుల్లో మిగతా గేర్లన్నిటిలో ఉండే ఈల నాలుగులో దాదాపు మాయమైతే, దోషం కౌంటర్ షాఫ్టు వైపు ఉన్నట్టు.

ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవారికి మామూలు బండివారికి లేని ఒక గొప్ప వెసులుబాటు ఉంది: బండిలో సగాన్ని పనిలోంచి తప్పించి వినవచ్చు. హబ్బులు విడిచి టూ వీల్ డ్రైవ్‌లో వెళ్తే ముందు ఆక్సిల్ షాఫ్టులు, డిఫరెన్షియల్, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు నిశ్చలంగా ఉంటాయి. హబ్బులు బిగించి, లీవరు కదపకుండా టూ వీల్ డ్రైవ్‌లోనే వెళ్తే అవన్నీ తిరుగుతాయి గాని భారం మోయవు. ఈ రెండు ప్రయాణాల మధ్య కొత్తగా వచ్చిన శబ్దం ఏదైనా ముందు భాగానిదే. అనుమానం వెనక భాగం మీద ఉంటే, వెనక ప్రొపెల్లర్ షాఫ్టును విప్పి తీసి, ముందు చక్రాలతోనే కొద్ది దూరం నడిపి చూడవచ్చు. దీనికి రెండు జాగ్రత్తలు కావాలి. షాఫ్టు ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలికి జారే రకమైతే విప్పగానే నూనె కారిపోతుంది. రెండు చివరలా ఫ్లాంజి (బోల్టులతో బిగించే చదునైన అంచు) ఉన్న షాఫ్టుకే ఇది పనికొస్తుంది. కొన్ని బండ్లలో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకే ఉంటుంది. అటువంటి బండిలో షాఫ్టు తీసిన క్షణం నుంచి హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను ఆపలేదు గనుక చక్రాలకు అడ్డు పెట్టకుండా కిందికి దూరకూడదు. ఇంకొక మాట: ముందు, వెనక ఆక్సిళ్ళ మధ్య మరో డిఫరెన్షియల్ లేని బండిని పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్‌లో మలుపులు తిప్పితే ముందు వెనక ఆక్సిళ్ళు ఒకదానితో ఒకటి పెనుగులాడి, బిగిసి, టక్కుమంటాయి. దాన్ని రోగంగా పొరబడి గేర్ బాక్సు విప్పించుకోకూడదు.

ఇంత కుదించిన తరువాతే పరికరాలు నిజంగా పనికొస్తాయి. స్టెతస్కోపు నిలిచి ఉన్న బండికి మాత్రమే. గేర్ బాక్సు బేరింగు ఏ చివరిదో, ఇంజన్ మీది కప్పీల్లో ఏది అరుస్తోందో చెప్పడంలో ఈ ఎనిమిదేళ్ళలో అది నన్ను ఒక్కసారీ మోసం చేయలేదు. బండిని స్టాండ్ల మీద ఎత్తి చక్రాలు తిప్పుతూ వినాలనుకుంటే స్టాండ్లను ఛాసిస్ కింద కాక ఆక్సిల్ కిందే పెట్టాలి. ఆక్సిల్ వేలాడితే యూనివర్సల్ జాయింట్ల కోణాలు రోడ్డు మీద ఎన్నడూ లేనంత పెరిగి, లేని దడను సృష్టిస్తాయి. నేను ఆ దడను నమ్మి ఒక మంచి జాయింటును మార్పించాను. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండో దానికి శక్తి పంపే రకం) ఉన్న బండికి ఒక్క చక్రాన్ని మాత్రమే ఎత్తి గేరులో తిప్పడం ప్రాణాంతకం. నేల మీద ఉన్న రెండో చక్రం బండిని స్టాండు మీద నుంచి లాగేస్తుంది.

మైకుల సెట్టు విలువ పోలికలో ఉంది. ఎడమ హబ్బుకు ఒకటి, కుడి హబ్బుకు ఒకటి, పినియన్ ముక్కుకు ఒకటి, డిఫరెన్షియల్ రెండు పక్కలా ఒక్కొక్కటి, ట్రాన్స్‌ఫర్ కేస్‌కు ఒకటి పెట్టి, మీట తిప్పుతూ ఎక్కడ శబ్దం ఎక్కువగా ఉందో కాక ఎక్కడ పదునుగా ఉందో వినాలి. దూరం నుంచి వచ్చిన శబ్దం మొద్దుబారి ఉంటుంది. పుట్టిన చోట అందులోని రవ్వలు కూడా వినిపిస్తాయి. క్లిప్పు బిగువును బట్టి కూడా శబ్దం పెరుగుతుంది గనుక, ఒక ఫలితం రాగానే ఆ రెండు మైకులనూ పరస్పరం మార్చి మళ్ళీ వినకపోతే నేను దాన్ని నమ్మను. తుప్పు, బురద గీకి, శుభ్రమైన ఇనుము మీదే పెట్టాలి. తీగలను షాఫ్టుకూ సైలెన్సరుకూ దూరంగా కట్టాలి. నడిపేవారు వేరు, వినేవారు వేరు కావాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని బండి నడపడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను.

ఈ సెట్టు తన ఖరీదును పూర్తిగా తీర్చిన సందర్భం కుడి వెనక వీల్ బేరింగు. అప్పుడు బండికి బురద టైర్లు ఉండేవి. వాటి హోరు సరిగ్గా అరిగిన బేరింగు హోరులాగే ఉంటుంది. ఎడమకు తిప్పినప్పుడు బరువు కుడి చక్రాల మీదికి పోతుంది గనుక కుడి బేరింగు గట్టిగా మోగాలి, కానీ టైర్ల రొదలో ఆ తేడా నాకు తెలియలేదు. చక్రాన్ని ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే వదులు కూడా లేదు. హబ్బుల మీద పెట్టిన మైకుల్లో మాత్రం ఎడమది మెత్తగా, కుడిది ఇసుక నమిలినట్టుగా పలికింది. విప్పి చూస్తే బేరింగు బయటి రింగు మీద పొట్టు లేచిన గుంట ఉంది.

లోపాలూ ఉన్నాయి. సెకనుకు ఏడు, ముప్ఫై చుట్ల మందమైన దడను ఈ మైకులు దాదాపు పట్టవు. దానికి ఆనించిన అరచెయ్యే మెరుగు. మూడో ఏట తీగల పైతొడుగు పగిలి రెండు మైకులు మూగబోయాయి. తీగలు మార్చి అతికించుకోవలసి వచ్చింది. ఒక్కసారి టక్కుమని ఆగిపోయే శబ్దాలకు ఇవి ఏ సాయమూ చేయవు. గేరు వేసినప్పుడు వచ్చే టక్కును, చక్రాలకు అడ్డు పెట్టి న్యూట్రల్‌లో షాఫ్టును చేత్తో అటూ ఇటూ మెలితిప్పి చూస్తేనే పట్టుకున్నాను. యూనివర్సల్ జాయింటు కప్పు చుట్టూ ఎర్రని తుప్పు పొడి కనిపించింది. దాన్ని మార్చిన చోట షాఫ్టు పొడవు సర్దుకునే జారుడు భాగాన్ని గుర్తు పెట్టకుండా విప్పి, రెండు చివరల యోకులు (జాయింటును పట్టుకునే కొమ్ములు) ఒకే వరుసలో లేకుండా బిగించారు. కొత్త జాయింటుతో పాటు కొత్త వణుకు కూడా వచ్చింది. అప్పటి నుంచి విప్పే ముందు రంగు గీత నేనే గీస్తున్నాను. బండి ఆగాక ఒక క్షణం తరువాత వెనక నుంచి తోసినట్టు వచ్చే దెబ్బకు ఆ జారుడు పళ్ళలో గ్రీజు ఎక్కించడమే మందు అయింది.

ఏ మైకు చెప్పినా చివరి సాక్ష్యం నూనె. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతం మీద బూడిదరంగు పేస్టు మామూలే. గోటికి తగిలే రేకులు, సూదిముక్కలు మామూలు కాదు. నూనె పాలలా మారితే నీళ్ళు చేరినట్టు. వేడెక్కిన ఆక్సిల్ వాగులో దిగి ఒక్కసారిగా చల్లబడినప్పుడు బ్రీదరు (ఆక్సిల్ లోపలికి గాలి వెళ్ళి వచ్చే రంధ్రం) మూసుకుపోయి ఉంటే, సీళ్ళ గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. బేరింగుల మోతకు ఇది చాలా పాత, చాలా తరచైన మూలం.

ఈ నెలలో హబ్బులు బిగించినప్పుడు మాత్రమే, 70 దాటాక, ముందు నుంచి ఒక సన్నని ఈల మొదలైంది. ముందు పినియన్ మీది మైకు పదునుగా పలుకుతోంది, హబ్బులవి మొద్దుగా ఉన్నాయి. ప్లగ్గు మీద పేస్టు తప్ప రేకులు లేవు. బురదలో నెమ్మదిగా తప్ప ఆ ఆక్సిల్‌కు పని ఉండదు గనుక ఇప్పుడే విప్పించడం లేదు. తేదీ, వేగం, తొక్కినప్పుడు వదిలినప్పుడు వచ్చే తేడా రాసి పెట్టాను. తరువాతి నూనె మార్పు రోజున అవే మైకులను అవే చోట్ల తగిలించి మళ్ళీ వింటాను.